మూతబడ్డ స్టేషన్‌ను చదవడం – 3వ పాఠం: ధనుష్కోటి గోడలు

పాత లైను జాడను మ్యాపు మీద పట్టుకోవడం మొదటి పాఠంలో, టేపుతో కొలతలు తీయడం రెండో పాఠంలో చూశాం. ఈసారి శిథిలాన్ని చూసి ఆ స్టేషన్ ఎవరి కోసం కట్టారో, ఎలా పడిపోయిందో చెప్పడం నేర్చుకుందాం. పాఠానికి రామేశ్వరం దీవి కొసనున్న ధనుష్కోటిని తీసుకుంటున్నాను. రామేశ్వరం యాత్రకు వెళ్లిన మనవాళ్లు చాలామంది బండి దిగి, ఆ గోడల ముందు ఫొటో దిగి వచ్చినవాళ్లే.

స్టేషన్‌కు చేరగానే గోడల దగ్గరికి పరిగెత్తకండి. లైను ఎటు నుంచి వచ్చి ఎటు పోయిందో ముందు తేల్చుకోవాలి. 1914లో పాంబన్ వంతెన మొదలయ్యాక, సముద్రం దాటిన లైను పాంబన్ దగ్గర రెండుగా చీలేది. ఒకటి సుమారు 10 కిలోమీటర్లు పోయి రామేశ్వరంలో ఆగేది. రెండోది సుమారు 24 కిలోమీటర్లు ఇసుక నేల మీదుగా ధనుష్కోటికి పోయేది. గుడి ఉన్నది రామేశ్వరంలోనే అయినా, రైల్వేకి ముఖ్యమైన కొస ధనుష్కోటి. మద్రాసు ఎగ్మూరులో బోట్ మెయిల్ అనే రైలు ఎక్కినవాళ్లు ఇక్కడ దిగి స్టీమర్ ఎక్కేవారు. అవతల సింహళం (ఇప్పటి శ్రీలంక)లోని తలైమన్నార్ రేవులో దిగి మళ్లీ రైల్లో కొలంబో వెళ్లేవారు. పోస్టాఫీసు, కస్టమ్స్ ఆఫీసు, రైల్వే క్వార్టర్లు ఈ ఇసుక దిబ్బ మీద ఎందుకు వెలిశాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. నోట్‌బుక్‌లో మొదటి వాక్యం ఇలా రాసుకోండి: ఈ స్టేషన్‌కు గిరాకీ తెచ్చింది ఓడ. ఏ స్టేషన్‌కు వెళ్లినా ఈ ఒక్క వాక్యం రాయగలిగితే సగం పని అయినట్టే. చెరకు, బొగ్గు, జాతర, కలప... ఏదో ఒకటి ఉంటుంది.

తర్వాత నీళ్ల ట్యాంకు కోసం చూడండి. ఆవిరి ఇంజనుకు బొగ్గు ఎంత అవసరమో నీళ్లూ అంతే అవసరం. ఉప్పునీళ్లు పోస్తే బాయిలర్ పాడైపోతుంది. చుట్టూ సముద్రం ఉన్నచోట రైల్వే నీళ్ల ట్యాంకు శిథిలం కనబడితే, ఇంజన్లకు మంచినీళ్లు సమకూర్చడం అక్కడ పెద్ద పనే అని గ్రహించాలి. పట్టాలు లేవు కదా, గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) ఎలా తెలుస్తుంది అంటారా? పట్టాల కింద అడ్డంగా వేసే కర్ర స్లీపర్ గానీ, కంకరలో దాని అచ్చు గానీ దొరికితే పొడవు కొలవండి. 1.8 మీటర్ల దగ్గర ఉంటే మీటర్ గేజ్, 2.75 దగ్గర ఉంటే బ్రాడ్ గేజ్. ధనుష్కోటిది మీటర్ గేజ్.

ఇక గోడలు. ఇక్కడే చాలామంది తొందరపడి అన్నిటికీ తుపానునే కారణం చేస్తారు. 1964 డిసెంబర్ 22 రాత్రి వచ్చిన ఉప్పెన ఊరిని తుడిచిపెట్టింది. పాంబన్ నుంచి బయలుదేరిన 653 నంబరు ప్యాసింజర్ రైలు‌ను కూడా లాగేసింది. అందులోని వంద మందికి పైగా పోయారు. కానీ ఆ తర్వాత ఆరు దశాబ్దాలు ఉప్పుగాలి కూడా పని చేసిందని మరవకూడదు. అల దెబ్బకు ముందు పడేది అలకు ఎదురుగా ఉన్న గోడ. అల వచ్చిన దిశలోనే పొడవుగా ఉన్న గోడలు కొన్ని నిలబడతాయి. పునాది కింద ఇసుక కొట్టుకుపోయి ఉంటే గోడ పెద్ద ముక్కలుగా ఒరిగి కనిపిస్తుంది. ఉప్పు అలా కాదు, కింది నుంచి తింటుంది: మొదట గార పెచ్చులు ఊడతాయి, తర్వాత ఇటుకో రాయో లోపలికి గుంట పడుతుంది, గోడ మాత్రం నిలబడే ఉంటుంది. అక్కడి చర్చి కట్టిన పగడపు రాయి చూడండి, ఒళ్లంతా చిల్లులే, ఉప్పు దూరడానికి అంతకంటే అనువైనది లేదు. తలుపు చట్రం, దూలం ఉన్నచోట నలుపలకల ఖాళీ శుభ్రంగా మిగిలితే, తీసుకుపోయింది మనుషులే అయ్యుండొచ్చు.

దయ్యాల ఊరు అని వీడియోలు తీసేవాళ్లకు ఇవేవీ పట్టవు, వాటిని చూసి నోట్స్ రాసుకోకండి.

లైను మళ్లీ ఎందుకు వేయలేదన్నది కూడా రాయాలి. అదే తుపానులో పాంబన్ వంతెన గర్డర్లు (పట్టాలను మోసే ఇనుప దూలాలు) చాలా కొట్టుకుపోయాయి. రైల్వే ఆరు నెలల గడువు పెట్టుకుంటే, మన కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన రైల్వే ఇంజనీరు ఇ. శ్రీధరన్ 46 రోజుల్లో వంతెనను నిలబెట్టారు. అంటే చేతకాక వదిలేయలేదు. వంతెన అవతల రామేశ్వరం ఉంది. ధనుష్కోటిలో ఊరే మిగల్లేదు, నివాసానికి పనికిరాదని ప్రభుత్వం ప్రకటించింది. స్టీమర్ కూడా రామేశ్వరానికి మారింది. 2019లో ఈ లైను తిరిగి వేయడానికి శంకుస్థాపన జరిగింది గానీ రైలు మాత్రం రాలేదు.

అభ్యాసం: గుంటూరు–గుంతకల్లు, సికింద్రాబాద్–డోన్, ముద్ఖేడ్–ఆదిలాబాద్ ఒకప్పుడు మీటర్ గేజ్ లైన్లు. గేజ్ మార్చినప్పుడు పక్కన పడేసిన కట్టడం ఏదైనా మీకు దగ్గర్లో ఉంటే ఒక్క గోడను ఎంచుకుని, దాన్ని పాడుచేసింది ఏమిటో పది వాక్యాల్లో రాయండి. ప్రతి వాక్యం పక్కన కంటికి కనిపించిన గుర్తు ఏదో రాయాలి. గుర్తు లేని వాక్యాన్ని కొట్టేయండి. అది రైల్వే స్థలమైతే అడిగి వెళ్లండి. ఒరిగిన గోడ కింద నిలబడొద్దు, ఇటుక ముక్క కూడా ఇంటికి తేవొద్దు. వచ్చే పాఠంలో పాత పట్టా నడుముపై ఉబ్బెత్తుగా ఉండే అక్షరాలను, సంవత్సరాన్ని చదవడం చూద్దాం. కాగితం, బొగ్గు ముక్క సిద్ధం చేసుకోండి.