నాన్నగారి యుద్ధకాలపు సైనిక రికార్డులు అడిగే ముందు జాగ్రత్తలు

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన తండ్రి ఫైలు కోసం సెయింట్ లూయిస్‌లోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రానికి రాసే ముందు, 1973 జులై 12న అక్కడ చెలరేగిన మంటల్లో 1912 నవంబరు, 1960 జనవరి మధ్య సైన్యం నుంచి విడుదలైన సైనికుల ఫైళ్లలో దాదాపు 80 శాతం నాశనమయ్యాయని గుర్తుంచుకోండి. అయినా ఫైలు లేదన్న జవాబుతోనే ఆగిపోకండి. చివరి జీతపు వోచర్లు, దళాలు రోజువారీగా రాసిన మార్నింగ్ రిపోర్టులు చాలావరకు మిగిలాయి.

ముందుగా ఇంట్లోనే వెతకండి. డిశ్చార్జి పత్రం మీద, మెడలో వేసుకున్న లోహపు బిళ్ల మీద ఆయన సైనిక సీరియల్ నంబరు ఉంటుంది. అందులో ఒక్క అంకె తప్పినా మరొకరి రికార్డు చేతికి రావచ్చు కనుక రెండింటినీ పోల్చి చూడండి. మార్నింగ్ రిపోర్టులకు మాత్రం ఆయన పనిచేసిన కంపెనీ (సైన్యంలోని చిన్న దళం) పేరు, తేదీ కావాలి. గాయపడటం, బదిలీ, సెలవు వంటి మార్పు ఉన్నవారి పేర్లే వాటిలో రాసేవారు, కాబట్టి పేరు కనిపించనంత మాత్రాన ఆయన ఆ రోజు అక్కడ లేరనుకోవడం పెద్ద పొరపాటు.

అసలు పత్రాలను ఎవరికీ పంపకండి, నకళ్లు చాలు. నాన్నగారు చెప్పింది రికార్డుతో కలవకపోతే ఆయన మాటను తొందరపడి కొట్టిపారేయకండి, రాసిన గుమాస్తా కూడా పొరబడి ఉండవచ్చు.