అలిపిరి మెట్లెక్కడానికి స్మార్ట్ వాచ్‌ను కోచ్‌లా వాడుకోవడం ఎలా?

అలిపిరి నుంచి తిరుమలకు 3550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్ల దారి. సగానికి పైగా మెట్లు గాలిగోపురం లోపే వచ్చేస్తాయి. పాదాల మండపం దగ్గర కొబ్బరికాయ కొట్టి, గోవిందా అని అదే ఊపులో చకచకా ఎక్కేసేవాళ్లు చాలామంది ఆ గోపురం చేరేలోపే రొప్పుతూ కూలబడతారు. వాళ్లకు సత్తువ ఉంటుంది, మొదట్లోనే వేగం ఎక్కువవుతుంది, అంతే. ఫిట్‌నెస్ వాచ్ నిజంగా పనికొచ్చేది అక్కడే. అడుగులు లెక్కపెట్టడానికి వాచ్ అక్కర్లేదు, మెట్ల మీద నంబర్లు రాసే ఉన్నాయి. "ఇప్పుడు నెమ్మదించు" అని సమయానికి చెప్పగలిగితే మాత్రం దానికి పెట్టిన డబ్బు దండగ కాదు.

కొనేటప్పుడు ఒక్క విషయం తప్పకుండా అడగండి. మనం పెట్టిన హద్దును గుండె వేగం దాటితే, వ్యాయామం మధ్యలోనే వైబ్రేట్ అయ్యి హెచ్చరిస్తుందా? కొన్ని చవక వాచ్‌లు అంతా అయ్యాక గ్రాఫ్ చూపిస్తాయి. కోచింగ్‌కు అది చాలదు.

1. సరిగ్గా కట్టుకోండి

వాచ్ వెనక వెలిగే ఆకుపచ్చ లైటు చర్మం కింద రక్తం పారే తీరును గమనించి గుండె వేగం లెక్కకడుతుంది. పట్టీ వదులైతే లెక్క తప్పుతుంది. మణికట్టు ఎముకకు ఒక వేలు వెడల్పు పైన, జారకుండా, చర్మం మీద గట్టిగా అచ్చు పడకుండా కట్టుకోవాలి. రెయిలింగ్‌ను బిగించి పట్టుకున్నా, వాచ్ కింద పచ్చబొట్టు ఉన్నా అంకెలు తేడా రావచ్చు.

ఇంకో చిక్కు ఉంది. కొన్నిసార్లు వాచ్ నాడిని వదిలేసి అడుగుల లయను పట్టుకుంటుంది. నిమిషానికి 115 అడుగులు వేస్తుంటే గుండె వేగం కూడా 115 దగ్గరే కదలకుండా కనిపిస్తుంది. అనుమానం వస్తే ఆగి, మణికట్టు దగ్గర నాడి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించి చూసుకోండి.

2. మీ హద్దు మీరే కనుక్కోండి

చాలా వాచ్‌లు 220 లోంచి వయసు తీసేసి గరిష్ఠ గుండె వేగం అనుకుంటాయి. 60 ఏళ్ల మనిషికి అది 160. మరో సూత్రం ప్రకారం వయసును 0.7తో గుణించి 208 లోంచి తీసేస్తే అదే మనిషికి 166 వస్తుంది. రెండూ సగటు లెక్కలే. ఒకే వయసువాళ్లలోనే పదేసి అంకెల తేడా మామూలుగా ఉంటుంది. అందుకే వాచ్ దానంతట అది పెట్టిన జోన్లను (గుండె వేగం అంచెలను) అలాగే వదిలేయకండి.

ఎస్వీ యూనివర్సిటీ ఆవరణలోనో, మీ వీధిలోనో చదునైన చోట అరగంట నడవండి. మెల్లగా వేగం పెంచుతూ, పక్కన నడిచే వాళ్లతో రెండు మూడు వాక్యాలు ఊపిరి తెగకుండా మాట్లాడగలిగే చివరి వేగం ఎక్కడుందో చూడండి. అప్పుడు కనిపించిన అంకె రాసుకోండి. రెండు మూడు రోజులు ఇలా చూస్తే మీ హద్దు దొరుకుతుంది. బీపీకో గుండెకో బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లకు నాడి పెరగాల్సినంత పెరగదు. వాళ్లు వాచ్ అంకెలను నమ్ముకోకుండా డాక్టర్‌ను అడిగి తీరాలి.

3. కొన్ని వారాలు ముందే మొదలుపెట్టండి

వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ముందు అక్కడికి చేరండి. ఆ తర్వాత అపార్ట్‌మెంట్ మెట్ల మీద ఇంటర్వల్ పెట్టుకోండి: రెండు నిమిషాలు ఎక్కడం, ఒక నిమిషం నిలబడటం. టైము వాచే చెబుతుంది కాబట్టి మీ ధ్యాస ఊపిరి మీద ఉంటుంది. పొద్దున లేవగానే విశ్రాంతి నాడి చూసుకోండి. రోజూ ఉండేదానికన్నా బాగా ఎక్కువుంటే నిద్ర చాలలేదనో, ఒంట్లో బాగాలేదనో అర్థం. ఆ రోజు మానేయండి.

చివరి వారాల్లో అలిపిరిలోనే ఓ 500 మెట్లు ఎక్కి దిగండి. శ్రీవారి మెట్టు దారి 2388 మెట్లే కదా అని రిహార్సల్‌కు అది ఎంచుకోవద్దు. దాదాపు 2.1 కిలోమీటర్లలోనే కొండెక్కించే దారి అది, చాలా నిటారు.

4. ఎక్కే రోజు

దూరం, వేగం గురించిన హెచ్చరికలు ఆపేయండి. చెట్లు, దారి పొడవునా పైకప్పు ఉండటంతో జీపీఎస్ తడబడుతుంది. పైగా మెట్ల మీద కిలోమీటరుకు ఎన్ని నిమిషాలన్న లెక్కకు అర్థం లేదు. గుండె వేగం హెచ్చరిక ఒక్కటే ఉంచండి.

దాన్ని మీ హద్దుకన్నా ఐదారు అంకెలు తక్కువకు పెట్టండి. శ్రమ పెరిగిన వెంటనే నాడి పెరగదు, కొంత ఆలస్యం అవుతుంది. వాచ్ మోగేసరికే ఇంకో ఇరవై ముప్పై మెట్లు ఎక్కేసి ఉంటారు. మోగగానే కూర్చోకుండా పక్కకు జరిగి నిలబడి, అంకె ఓ ఇరవై తగ్గాక కదలండి. గోవింద నామం మధ్యలో ఊపిరి తెగుతుంటే వాచ్ మోగకపోయినా ఆగాల్సిందే.

గాలిగోపురం దాటాక చాలా దూరం చదునుగా ఉంటుంది, అంకె దిగుతుంది, కాళ్లు పరుగెడతామంటాయి. వద్దు. ముందు మోకాళ్ల మెట్టు అనే నిటారైన మెట్ల వరుస ఉంది, ఆ బలం అక్కడ కావాలి. ఎండ, చెమట ఎక్కువైతే అదే వేగానికి నాడి పెరుగుతూ పోతుంది. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామునే మొదలుపెట్టి, దారిలో నీళ్లు తాగుతుండాలి.

కాలరీల అంకె మాత్రం పట్టించుకోకండి. 2017లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు ఏడు పరికరాలను పరీక్షిస్తే, వాటిలో అన్నిటికన్నా మెరుగైనది కూడా కాలరీల్లో సగటున 27 శాతం తప్పింది. గుండె వేగం మాత్రం ఏడింటిలో ఆరు బాగానే చెప్పాయి.

5. వాచ్‌కు తెలియనివి

దిగేటప్పుడు నాడి తక్కువే ఉంటుంది, వాచ్ ఏమీ అనదు. మోకాళ్ల మీద భారం పడేది మాత్రం అప్పుడే. నొప్పులున్నవాళ్లు బస్సులో దిగడం మంచిది. ఛాతీలో బిగుతు, కళ్లు తిరగడం, ఎడమ చేయి లాగడం లాంటివి కనిపిస్తే అంకె ఎంతున్నా ఆగి సాయం అడగండి. 60 దాటి బీపీ, షుగర్, ఆస్తమా, కీళ్ల జబ్బులున్నవాళ్లు నడిచి రావద్దని 2024లో టీటీడీయే సూచించింది. అలాంటి పెద్దలను వాచ్ ఉందనే ధైర్యంతో మెట్లెక్కించకండి.

పైకి చేరాక వర్కవుట్ ఆపి సేవ్ చేయండి. గుడిలోకి ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువులు తీసుకెళ్లనివ్వరు కాబట్టి దర్శనం లైన్‌కు ముందే వాచ్ తీసి, ఫోన్‌తో పాటు కౌంటర్‌లో అప్పగించండి.