బెజవాడ గుమ్మం నుంచి అయిదు రోజుల విదేశీ ప్రయాణం: లెక్క ఎలా వేసుకోవాలి

పాస్‌పోర్టు ఉంది, సెలవు దొరికింది, ఇక ఎక్కడికి వెళ్దామా అని మొదలుపెడతారు చాలామంది. విజయవాడ, గుంటూరు వాళ్లు అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఎక్కడ విమానం ఎక్కాలన్నది. హైదరాబాద్ వాళ్ల కోసం తయారైన ప్లాన్‌ని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే, అటో పూట ఇటో పూట కలిపి ఒక రోజు దారిలోనే పోతుంది. రోజుల లెక్క ఇంటి గుమ్మం దగ్గర మొదలై మళ్లీ గుమ్మం దగ్గరే తేలాలి. అక్కడ తిరగడానికి అయిదు రోజులు కావాలంటే క్యాలెండర్‌లో ఏడు తారీఖులు కొట్టేసుకోండి.

గన్నవరమా, శంషాబాదా, చెన్నైనా

గన్నవరం నుంచి నేరుగా విదేశాలకి వెళ్లే సర్వీసులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అవి కూడా రోజూ ఉండవు, సీజన్‌ని బట్టి వస్తుంటాయి, పోతుంటాయి. ముందు వాటిని చూడండి. మీ తారీఖులకి కుదిరితే మనిషికి మూడు నాలుగు వేలు ఎక్కువైనా అదే మేలు. శంషాబాద్ దాకా కారు, టోల్, దారిలో భోజనాలు కలిపితే ఆ తేడా ఎలాగూ కరిగిపోతుంది.

కుదరకపోతే హైదరాబాద్. సొంత కారైతే పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేయండి, ఊళ్లోకి పోకుండానే శంషాబాద్ చేరతారు. బస్సయితే ఎల్బీనగర్‌లోనే దిగి అక్కడ పుష్పక్ ఎయిర్‌పోర్టు బస్సు గానీ క్యాబ్ గానీ పట్టుకోవాలి. మియాపూర్ బస్సు కదా, చివరిదాకా టికెట్ ఉంది కదా అని కూర్చుంటే ట్రాఫిక్‌లో గంటన్నర పోగొట్టుకుంటారు. గుంటూరు నుంచి వెళ్లేవాళ్లు విజయవాడ రాకుండా సత్తెనపల్లి, పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా నార్కట్‌పల్లిలో హైవే కలవొచ్చు. విమానానికి మూడు గంటల ముందు కౌంటర్ దగ్గర ఉండాలి, దారికి ఆరు గంటలు, ఏదైనా అయితే అని ఇంకో రెండు గంటలు. రాత్రి పదకొండు గంటల విమానానికి మధ్యాహ్నం పన్నెండుకి ఇల్లు కదలాలన్నమాట.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ లెక్క పనిచేయదు. కనుమ దాటాక సంక్రాంతికి ఊరొచ్చిన వాళ్లంతా ఒకేసారి హైదరాబాద్ బయల్దేరతారు, పంతంగి టోల్ దగ్గర కార్లు కదలవు. ఆ రెండు మూడు రోజుల్లో విమానం ఉంటే రైల్లో వెళ్లండి. లేదా చెన్నై చూసుకోండి.

తూర్పు వైపు ప్రయాణాలకి అసలు చెన్నైని మనవాళ్లు తక్కువగా చూస్తారు. కొలంబో, కౌలాలంపూర్, సింగపూర్, బ్యాంకాక్‌లకి అక్కడి నుంచి నేరుగా విమానాలున్నాయి. విజయవాడలో పొద్దున్నే పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి సెంట్రల్. అక్కడే కింద మెట్రో, నీలి రంగు లైనులో మారే పని లేకుండా ఎయిర్‌పోర్టు దాకా వెళ్తుంది. రాత్రి విమానానికి ఇంతకంటే తేలికైన దారి లేదు.

గన్నవరం నుంచి దేశీయ విమానంలో వేరే నగరానికి వెళ్లి అక్కడ మారదామనుకుంటే రెండు టికెట్లూ ఒకే పీఎన్ఆర్ మీద తీసుకోండి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమైనప్పుడు రెండోదాని డబ్బులు పోయినట్టే. తిరుగు ప్రయాణంలో సాధారణంగా దేశంలో మొదట దిగిన చోటే సామాను తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పగించాలి. మధ్యలో మూడు గంటల కంటే తక్కువ పెట్టుకోవద్దు.

పేరు దగ్గరే పేచీ

తెలుగువాళ్ల ప్రయాణాల్లో ఎక్కువ డబ్బులు పోయేది ఇక్కడే. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పదో తరగతి సర్టిఫికెట్‌లో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో ఒక్కోసారి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. టికెట్ మీద ఉండాల్సింది పాస్‌పోర్టులో ఉన్నదే. సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు, గివెన్ నేమ్ గడిలో వెంకట సుబ్బారావు అని ఉంటే టికెట్‌లోనూ అలాగే రాయాలి. రోజూ రాసుకునే అలవాటుతో వి.ఎస్. రావు అని కొడితే చెక్-ఇన్ కౌంటర్ దగ్గర ఆగిపోతారు. అప్పుడు పేరు దిద్దించడానికి రుసుము కట్టాలి, లేదంటే కొత్త టికెట్ కొనాలి.

సర్‌నేమ్ ఖాళీగా ఉండి ఒకే పేరు ఉన్న పాస్‌పోర్టుతో దుబాయ్, అబుదాబి వెళ్లేవాళ్లు మరీ జాగ్రత్త. 2022 నవంబరు నుంచి యూఏఈ విజిట్ వీసాల మీద అలాంటి పాస్‌పోర్టులని ఆపుతోంది. రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే ఒప్పుకుంటామని తర్వాత సడలించారు గానీ, వీసాకి ముందే పాస్‌పోర్టు మార్పించుకుంటే ఆ గొడవే ఉండదు. పెద్దవాళ్లకి 36 పేజీల పాస్‌పోర్టుకి మామూలుగా 1,500 రూపాయలు, తత్కాల్ అయితే 3,500. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకి పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది, కాబట్టి అందులో పిల్లల పేరు ఎక్కిందో లేదో ముందు చూడండి. చాలామంది పేరు పెట్టకముందే తీసుకుని అలాగే వదిలేస్తారు. పాస్‌పోర్టు గడువు, అక్కడ దిగే రోజుకి ఇంకా ఆరు నెలలు మిగిలి ఉండాలి.

కొండ ముందు, నగరం చివర

చిన్న ప్రయాణానికి ఒక నగరం, దానికి నాలుగైదు గంటల దూరంలో ఒక కొండో, సముద్రమో, నదో చాలు. మూడో ఊరు చేర్చారంటే హోటల్ ఖాళీ చేయడం, పెట్టెలు సర్దడంతోనే పుణ్యకాలం గడిచిపోతుంది. వరుస కూడా ముఖ్యం. కొండ దారుల్లో వాన పడొచ్చు, బస్సు ఆగొచ్చు, పడవలు రద్దు కావొచ్చు. అందుకని అవి ముందు పెట్టుకుని, ఆఖరి రాత్రి విమానాశ్రయం ఉన్న నగరంలో ఉండాలి.

మలేషియాలో కౌలాలంపూర్ నగరం, కామెరాన్ హైలాండ్స్ కొండల జంటతో లెక్క వేసి చూద్దాం. భారతీయులకి 2026 డిసెంబరు 31 వరకు 30 రోజుల లోపు ప్రయాణానికి వీసా అక్కర్లేదని మలేషియా ప్రకటించింది. కాకపోతే దిగడానికి ముందు మూడు రోజుల్లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి.

మొదటి తారీఖు పినాకిని, చెన్నై, అర్ధరాత్రి విమానం. ప్రయాణం సుమారు నాలుగు గంటలు, అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. దిగేసరికి తెల్లారి ఆరున్నర, ఏడు. హోటల్ గది మధ్యాహ్నం రెండు మూడింటికి గానీ ఇవ్వరు. చాలామంది మొదటి రోజు ఇక్కడే పాడుచేసుకుంటారు, నిద్ర కళ్లతో లాబీలో కూర్చుని. అలా కాకుండా ఎయిర్‌పోర్టు రైల్లో కేఎల్ సెంట్రల్ వచ్చి (అరగంట పడుతుంది), పెట్టెలు హోటల్లో అప్పగించి, అదే స్టేషన్‌లో కేటీఎం లోకల్ రైలు ఎక్కి మురుగన్ గుడి ఉన్న బటు గుహలకి వెళ్లండి. 272 మెట్లు, ఎండెక్కితే మన మంగళగిరి మెట్లకేం తీసిపోవు. మోకాళ్లు కప్పే బట్టలుండాలి. చేతిలో అరటిపండ్లో ప్లాస్టిక్ కవరో కనిపిస్తే కోతులు లాక్కుపోతాయి. తిరిగొచ్చాక కేఎల్ సెంట్రల్ పక్కనే ఉన్న బ్రిక్‌ఫీల్డ్స్‌లో అరిటాకు భోజనం చేసి, గది తీసుకుని పడుకోవడమే. సాయంత్రం పెట్రోనాస్ జంట టవర్ల కింద పార్కు చాలు, అది ఉచితం. పైకెక్కే టికెట్లు కావాలంటే ముందే కొనాలి, సోమవారం సెలవు.

మర్నాడు పొద్దున టీబీఎస్ బస్టాండు నుంచి కామెరాన్ హైలాండ్స్‌లోని తానా రాటా ఊరికి బస్సు. నాలుగైదు గంటలు, చివరి గంటంతా మలుపులే. వాంతుల మాత్ర బస్సెక్కే ముందు వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేస్తే పనిచేయదు. ఊరు సుమారు 1,440 మీటర్ల ఎత్తులో ఉంది, రాత్రిళ్లు పల్చటి స్వెటర్ కావాలి. టీ తోటలకి ఉదయమే వెళ్లండి, మధ్యాహ్నానికి మబ్బు పట్టి వాన అందుకుంటుంది. సుంగై పలాస్ టీ కేంద్రం సోమవారం మూసి ఉంటుంది కాబట్టి ఆ రోజు అక్కడ పడకుండా తారీఖులు సర్దుకోండి. రెండు రాత్రులు అక్కడ, నాలుగో రాత్రి మళ్లీ కౌలాలంపూర్. తర్వాతి రోజు విమానం, చెన్నైలో రాత్రి రైలు, ఏడో తారీఖు పొద్దున్నే ఇంట్లో కాఫీ.

ఇదే పద్ధతిలో మిగతావీ కట్టుకోవచ్చు. హనోయ్‌తో నిన్ బిన్ బాగా కుదురుతుంది: రెండు గంటల దారి, సున్నపురాయి కొండల మధ్య ట్రాంగ్ ఆన్‌లో మూడు గంటల పడవ. వియత్నాం ఈ-వీసా ఒక ప్రవేశానికి 25 డాలర్లు, ప్రభుత్వ సైటులోనే తీసుకోవాలి. శ్రీలంకలో క్యాండీ నుంచి ఎల్లా దాకా కొండ రైలు అందరికీ ఇష్టమే గానీ, 2025 నవంబరులో దిత్వా తుపానుకి ఆ మార్గం బాగా దెబ్బతింది. ఏ ముక్క నడుస్తోందో కనుక్కున్నాకే హోటళ్లు బుక్ చేయండి. చల్లదనం, మంచు కావాలి, వీసా గొడవ వద్దు అనేవాళ్లకి కజకిస్తాన్‌లోని అల్మాటీ. 14 రోజుల లోపు వీసా అక్కర్లేదు. గన్నవరం నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి నేరు విమానం. ఊళ్లో 12 నంబరు సిటీ బస్సు మెదేవు దాకా వెళ్తుంది, అక్కడ రోప్‌వే ఎక్కితే 2,260 మీటర్ల షింబులాక్, ఇంకా పైకి వెళ్తే 3,200 దాకా. శాకాహారులకి అక్కడ కష్టమే, కూరగాయల సూపు అన్నదాంట్లోనూ మాంసం రసం ఉంటుంది.

స్విట్జర్లాండ్ అయిదు రోజుల పని కాదు, కనీసం ఎనిమిది ఉంటేనే పెట్టుకోండి. షెంగెన్ వీసాకి (చాలా ఐరోపా దేశాలకి కలిపి ఇచ్చే ఉమ్మడి వీసా) వేలిముద్రలు ఇవ్వడానికి హైదరాబాద్ వెళ్లాలి, పెద్దవాళ్లకి 90 యూరోల రుసుము, 30,000 యూరోల బీమా తప్పనిసరి. ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు, దసరా ప్రయాణానికి మే నెలలో కదలండి. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే పెట్టాలి. అపాయింట్‌మెంట్ తొందరగా దొరుకుతుందని వేరే దేశానికి పెడితే తిరస్కరించే అవకాశం ఎక్కువ. వెళ్లాక లూసెర్న్‌లో ఉండి, పడవలో విట్స్‌నౌ వెళ్లి 1871లో మొదలైన పళ్ల చక్రాల రైల్లో రిగి కొండ ఎక్కండి. స్విస్ ట్రావెల్ పాస్‌లో పడవా, రైలూ రెండూ కలిసే ఉంటాయి. 3,454 మీటర్ల యుంగ్‌ఫ్రావ్‌యోఖ్‌కి పాస్ ఉన్నా అదనంగా గట్టిగానే కట్టాలి. పొద్దున వెబ్‌క్యామ్ చూసి, పైన తేటగా ఉంటేనే టికెట్ కొనండి.

మన సెలవులు, అక్కడి వానలు

సంక్రాంతికి థాయ్‌లాండ్, దుబాయ్, శ్రీలంక దక్షిణ తీరం బాగుంటాయి. హనోయ్‌లో అప్పుడు చలి, మంచు పొగ, ఫోటోల్లో ఏమీ పడదు. రోహిణి కార్తె ఎండల్లో ఇక్కడి నుంచి పారిపోవాలనిపిస్తే బాలి, అల్మాటీ సరైనవి. దుబాయ్ వద్దు, ఇక్కడి ఎండే మేలనిపిస్తుంది. మే నుంచి థాయ్‌లాండ్‌లో ఫుకెట్ వైపు వానలు, సముద్రం మీద ఎర్ర జెండాలు. అప్పుడు తూర్పు వైపున్న సముయి దీవి నయం. దసరా సెలవుల్లో వియత్నాంలోని దనాంగ్, హోయ్ ఆన్ చవగ్గా కనిపిస్తాయి, కారణం అక్టోబరు, నవంబరుల్లో అక్కడ వరదలు.

ఫారాలు, డబ్బులు

మలేషియా, థాయ్‌లాండ్, సింగపూర్ మూడూ దిగే ముందు మూడు రోజుల్లో ఆన్‌లైన్ అరైవల్ కార్డు అడుగుతాయి. మూడూ ఉచితమే. వెతికితే పైన కనిపించేవి డబ్బులు తీసుకునే నకిలీ సైట్లు. బ్యాంకు కార్డు నంబరు అడిగిందంటే అది ప్రభుత్వ సైటు కాదని అర్థం. సింగపూర్‌కి ఆ కార్డుతో పాటు వీసా కూడా కావాలి, రెండూ ఒకటే అనుకోవద్దు.

విదేశీ నోట్లు ఒక ప్రయాణానికి మనిషికి 3,000 డాలర్ల విలువ వరకు తీసుకెళ్లొచ్చు, అంత అవసరమూ ఉండదు. దుకాణంలో కార్డు గీకినప్పుడు రూపాయల్లోనా, అక్కడి కరెన్సీలోనా అని మెషిన్ అడుగుతుంది. రూపాయలు అని నొక్కితే వాళ్ల రేటు పడుతుంది, నష్టం మీకే. ప్యాకేజీలో వెళ్తే టీసీఎస్ (ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు, రిటర్ను వేసేటప్పుడు అది సర్దుబాటు చేసుకోవచ్చు కాబట్టి రసీదు దాచండి.

సర్దేటప్పుడు

ఆవకాయ, గోంగూర లేకుండా మనం కదలం. రెండు పొరల కవర్లో కట్టి చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి, చేతి సంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర చెత్తబుట్టలోకే. ఎండు కొబ్బరి చిప్పలు ఏ పెట్టెలోనూ కుదరవు, నూనె శాతం ఎక్కువ కాబట్టి మండే పదార్థం కింద లెక్క. పవర్ బ్యాంకు దీనికి తిరగేసి: చేతి సంచిలోనే ఉండాలి.

అన్నిటికంటే ప్రమాదం గసగసాలు. మన వంటింట్లో మసాలా దినుసు, యూఏఈ, సింగపూర్‌లలో మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. విడిగా పొట్లం పెట్టకపోయినా, ఇంట్లో నూరిన కూర మసాలాలో కలిసి ఉంటాయని గుర్తుండదు. ఆ దేశాలకి ఇంటి మసాలా డబ్బా తీసుకెళ్లకండి. కొన్ని దగ్గు మందులు, కోడీన్, ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలకి కూడా యూఏఈలో ఆంక్షలున్నాయి. పెద్దవాళ్ల బీపీ, షుగరు మాత్రలు చిన్న డబ్బాల్లో విప్పి పోయకుండా, స్ట్రిప్పుల్లోనే ఉంచి పక్కన డాక్టరు చీటీ పెట్టండి.