సర్వీసింగ్ తర్వాత ఇంజిన్ వేడెక్కుతుంటే ముందు జాబ్ కార్డ్ చూడండి

ఎన్నడూ మధ్య గీత దాటని టెంపరేచర్ గేజ్ ముల్లు, సర్వీసింగ్ అయిన మర్నాడే బెంగళూరు సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర పైకి పాకితే, హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కీ హెడ్‌కీ మధ్య ఉండే సీలు) పోయిందని కంగారు పడకండి. చెయ్యి పడిన చోటే ముందు వెతకాలి. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) మార్చారా? బెల్టు మార్చారా? ముందు బంపర్ విప్పారా? ఏ పనులు చేశారో సర్వీస్ సెంటర్ ఇచ్చే జాబ్ కార్డ్‌లో రాసే ఉంటుంది.

వేడి ఎప్పుడు పెరుగుతోందో గమనించండి. ట్రాఫిక్‌లో ఆగినప్పుడే పెరిగి, బండి కదలగానే తగ్గితే అనుమానం ఫ్యాన్ మీద. హెబ్బాళ్ దాటి దేవనహళ్లి రోడ్డులో వేగం అందుకున్నాక పెరిగితే కూలెంట్ సరిగా తిరగట్లేదు, లేదా రేడియేటర్ మూసుకుపోయింది.

ఫ్యాన్ పరీక్ష తేలిక. ఇంజిన్ ఆన్ చేసి ఏసీ వేస్తే చాలా కార్లలో కాసేపటికే ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే కనెక్టర్ చూడండి. బంపర్ విప్పినవాళ్లు దాన్ని 'టక్'మనేదాకా నొక్కకుండా వదిలేయడం మామూలే. తర్వాత ఫ్యూజు, రిలే (ఫ్యాన్‌కి కరెంటు ఇచ్చే స్విచ్చు). అదే నంబరున్న వేరే రిలే పెట్టి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. తిరుగుతున్నా వేడి తగ్గకపోతే గ్రిల్ ముందు కాగితం పెట్టండి. ఫ్యాన్ రేడియేటర్ వెనక ఉండే బండ్లలో కాగితం గ్రిల్‌కి అతుక్కోవాలి. ఎగిరిపోతే వైర్లు తారుమారై ఫ్యాన్ ఉల్టా తిరుగుతోందన్నమాట.

కూలెంట్ మార్చి ఉంటే మొదటి అనుమానం ఎయిర్ లాకే, అంటే లోపల గాలి చిక్కుకోవడం. ఇంజిన్ కాగుతున్నా హీటర్‌లోంచి చల్లగాలి రావడం, డ్యాష్‌బోర్డు వెనక గుడగుడ, ముల్లు పైకీ కిందకీ ఊగడం దీని గుర్తులు. గాలి తీయాలంటే ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే మొహం కాలుతుంది. బండి ముక్కు ఎత్తుగా ఉండేలా నిలిపి, మూత తీసి, హీటర్ ఫుల్ హాట్‌లో పెట్టి స్టార్ట్ చేయండి. బ్లీడ్ స్క్రూ (గాలి వదిలే మర) ఉంటే వదులు చేసి, బుడగలు లేని ధార వచ్చాక బిగించండి. రేడియేటర్ పై హోస్‌ని మెల్లగా నొక్కుతుంటే బుడగలు బయటికొస్తాయి, కూలెంట్ మట్టం పడిపోతుంది, పోస్తూ ఉండాలి. ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వ్, అంటే థర్మోస్టాట్, సాధారణంగా 82-88 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. అప్పుడు మట్టం ఒక్కసారిగా దిగుతుంది. నింపి మూత బిగించి, ఫ్యాన్ రెండుసార్లు వచ్చి ఆగేదాకా ఉంచండి. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మట్టం మళ్లీ చూడాలి.

ఏం పోశారో కూడా అడగండి. కాన్సంట్రేట్ అయితే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం. నీళ్లు కలపకుండా పోస్తే వేడిని లాగే శక్తి తగ్గుతుంది. ముందే నీళ్లు కలిపి అమ్మే ప్రీమిక్స్‌లో మళ్లీ నీళ్లు కలపకూడదు. బోరు నీళ్లు అసలే వద్దు, రేడియేటర్‌లో ఉప్పు పేరుకుంటుంది.

మూతని చిన్నచూపు చూడొద్దు. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. 0.9-1.1 బార్ ఒత్తిడి నిలిపే మూత ఉంటేనే కూలెంట్ 120 దాటేదాకా మరగదు. రబ్బరు చీలినా, వేరే బండి మూత పెట్టినా ఆ ఒత్తిడి నిలవదు. కొత్తది స్పేర్ పార్టుల షాపులుండే జేసీ రోడ్డులో కొనేటప్పుడు పాతది పట్టుకెళ్లి, మీద రాసిన అంకె సరిపోల్చండి.

బెల్టు మార్చి ఉంటే, బానెట్ కింద స్టిక్కర్‌లో ఉన్న దారినే వేశారా చూడండి. దారి తప్పితే వాటర్ పంపు ఉల్టా తిరగొచ్చు. థర్మోస్టాట్ మార్చి ఉంటే స్ప్రింగ్ వైపు ఇంజిన్‌లోకి, చిన్న జిగిల్ పిన్ (గాలి పోయే రంధ్రంలోని పిన్ను) పైకి ఉండాలి. మెకానిక్ "ఈ థర్మోస్టాట్ వాల్వ్ తీసేద్దాం సార్, చల్లగా ఉంటుంది" అంటే ఒప్పుకోకండి. కొన్ని ఇంజిన్లలో రేడియేటర్‌కి వెళ్లకుండా కూలెంట్‌ని తిప్పే బైపాస్ దారి తెరిచే ఉండిపోయి వేడి ఇంకా పెరుగుతుంది. మిగతావాటిలో ఇంజిన్ కావాల్సినంత వేడెక్కక మైలేజీ పోతుంది.

ఇవన్నీ బాగుంటేనే హెడ్ గాస్కెట్. గాలి తీశాక కూడా బుడగలు ఆగకపోయినా, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషానికే పై హోస్ రాయిలా బిగిసినా, బ్లాక్ టెస్టర్ (కూలెంట్‌లో ఇంజిన్ వాయువు ఉందేమో చూసే పరికరం) పెట్టించండి. పెట్రోల్ బండిలో టెస్టర్‌లోని నీలం ద్రవం పసుపుగా మారితే కూలెంట్‌లోకి మండిన వాయువు వస్తున్నట్టే. ఆ బండిని గ్యారేజీకి నడపొద్దు, టో చేయించండి.