అమెరికా ఇంట్లో డ్రైవాల్ పాడైతే: పనివారిని ఎలా కుదుర్చుకోవాలి, గోడను ఎలా కాపాడుకోవాలి?

ఇటుక గోడకు మేకులు కొట్టి పెరిగినవారికి అమెరికా ఇంటి గోడ మొదట్లో వింతగానే ఉంటుంది. వేలితో తడితే డొల్లగా మోగుతుంది. లోపల సాధారణంగా 16 అంగుళాలకొకటి చొప్పున నిలువు కర్రలు, వాటికి మరలతో బిగించిన అర అంగుళం జిప్సం పలక, పలకకు రెండు వైపులా కాగితం. అంతే గోడ. దీన్నే డ్రైవాల్ అంటారు. నీళ్లకూ, దెబ్బకూ తట్టుకోదు. బాగుచేయడం మాత్రం ఇటుక గోడకన్నా తేలికే.

మొదట కారణం వెతకండి

చాలామంది పగులు కనిపించగానే పూత పూసేవారికి ఫోన్ చేస్తారు. అది తొందరపాటు. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ ప్రాంతాల నేల మన నల్లరేగడి జాతిదే. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. దానితో పాటు ఇంటి పునాదీ కదులుతుంది. తలుపు, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకిన పగులు, దానికి తోడు తలుపులు సరిగా పడకపోవడం కనిపిస్తే ముందు స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి. పునాది మరమ్మతులు అమ్ముకునే కంపెనీ ఉచితంగా చూస్తానన్నా, స్వతంత్ర ఇంజినీరుకు ఫీజు ఇచ్చి తీసుకున్న మాటకే విలువ ఎక్కువ. సన్నని వెంట్రుకలాంటి గీతలకు ఇంత హడావుడి అక్కర్లేదు. పగులు పక్కన పెన్సిలుతో తేదీ రాసి, కొన్ని నెలలు గమనిస్తే చాలు.

పైకప్పు మీద గోధుమరంగు మరక వస్తే ముందు రావలసింది ప్లంబరో, పైకప్పు పనివారో. టెక్సస్ ఇళ్లలో అటకమీద ఉండే ఏసీ నీటి గొట్టం పూడుకుపోయి మరకలు పడటం మామూలే. గొట్టం హఠాత్తుగా పగిలిన సందర్భమైతే ఏదీ కదపకముందే ఫోటోలు తీసి ఇన్సూరెన్సు వారికి చెప్పండి. నెలల తరబడి కారిన నీటికి వారు సాధారణంగా డబ్బు ఇవ్వరు.

ఇల్లు 1978కి ముందు కట్టినదైతే గీకడానికి ముందు పరీక్ష చేయించాలి. పాత రంగుల్లో సీసం, పలకల అతుకుల మీది పాత పూతలో, బొరుగులు అతికినట్టు గరుకుగా ఉండే పాప్‌కార్న్ సీలింగులో హానికరమైన ఆస్బెస్టాస్ నార ఉండవచ్చు.

ఎవరిని పిలవాలి?

గుప్పెడంత రంధ్రానికి, ఇంట్లో చిన్నాచితకా పనులన్నీ చేసే హ్యాండీమ్యాన్ చాలు. డ్రైవాల్ పనివారు చిన్న పనికైనా కనీస రుసుము తీసుకుంటారు కాబట్టి, ఇల్లంతా తిరిగి ఉన్న మరమ్మతులన్నీ ఒకేసారి చేయించుకోవడం లాభం. కాలనీ వాట్సాప్ గ్రూపులో పేర్లు దొరుకుతాయి. అయితే అక్కడ "బాగా చేశాడు" అనేవారు తరచుగా పోయిన వారం చేయించుకున్నవారే. కనీసం ఏడాది కిందట చేసిన గోడ చూపించమనండి. దాన్ని పక్క నుంచి పడే వెలుతురులో చూడండి. ఎదురు వెలుతురులో ఏ అతుకైనా నున్నగానే కనిపిస్తుంది.

లైసెన్సు నిబంధనలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. కాలిఫోర్నియాలో డ్రైవాల్ పనికి సీ-9 అనే ప్రత్యేక లైసెన్సు ఉంది; నంబరును రాష్ట్ర బోర్డు వెబ్‌సైట్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. టెక్సస్‌లో డ్రైవాల్ పనికి రాష్ట్ర లైసెన్సే లేదు. అందువల్ల అక్కడ పాత పని చూడటం, పనివారి ఇన్సూరెన్సు పత్రం అడగడం మరింత అవసరం. ఆ పత్రం నేరుగా ఇన్సూరెన్సు ఏజెంటు నుంచి వస్తే మేలు.

ఎస్టిమేట్‌లో ఏం ఉండాలి?

మూడు ఎస్టిమేట్లు తీసుకోండి. అంకెల కన్నా ముందు వాటిలో ఏ పనులు ఉన్నాయో పోల్చండి. ఎక్కువ తగాదాలు వచ్చేది టెక్స్చర్, రంగు దగ్గరే. గోడమీద నారింజ తొక్కలాంటి గరుకుతనమో, అదిమి నున్న చేసిన నాక్‌డౌన్ తీరో ఉంటే, అతుకు దానితో కలిసిపోవాలి. ఇదే అసలు చేయి తిరిగినతనం. ముక్క పలకమీద నమూనా చేసి చూపించమనడం తప్పు కాదు. నున్నటి గోడ అయితే లెవెల్ 4 ఫినిషా (అతుకులు, మర తలల మీద మాత్రమే పూత), 5 ఆ (గోడంతా పలుచని పూత) అని అడగండి. పెద్ద కిటికీ పక్కన, మెరిసే రంగు వేసే చోట 5 మంచిది. ప్రైమర్, రంగు ఈ ధరలోనే ఉన్నాయా? అతుకు వరకేనా, మూల నుంచి మూల వరకూనా? దుమ్ము తుడిచి, చెత్త తీసుకెళ్లేది ఎవరు? అన్నీ కాగితం మీదకు రావాలి.

"ఒక్క రోజులో అయిపోతుంది" అంటే ఎలాగో అడగండి. అతుకుల మీద పూసే పూత (జాయింట్ కాంపౌండ్) బకెట్‌లో వచ్చే మామూలు రకమైతే మూడు సార్లు వేయాలి. ఒక్కో పూత ఆరడానికి దాదాపు ఒక రోజు. నీళ్లలో కలుపుకునే పొడి రకమైతే నిమిషాల్లో గట్టిపడుతుంది కనుక, చిన్న పని నిజంగానే ఒక రోజులో అవుతుంది. ఈ తేడా వివరించగలిగినవారికి పని తెలిసినట్టే.

డబ్బు మొత్తం ముందే ఇవ్వకండి. కాలిఫోర్నియా చట్టం ప్రకారం అడ్వాన్సు ఒప్పంద విలువలో 10 శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అంతకు మించకూడదు. మిగతా చోట్లా ఈ పద్ధతి అడిగి చూడండి. పెద్ద పనైతే చివరి చెల్లింపు రోజున, ఇంటిమీద బకాయి హక్కు (లీన్) కోరబోమని కాంట్రాక్టరు చేత, సరుకు ఇచ్చిన కొట్టువారి చేత సంతకం చేయించుకోండి. కాంట్రాక్టరు సరుకు కొట్టుకు బాకీ పడితే ఆ కొట్టువారు మీ ఇంటిమీదకు రావచ్చు.

సానబెట్టేటప్పుడు ఆ గదిలోని ఏసీ రంధ్రాలు మూసి, గుమ్మానికి ప్లాస్టిక్ పరదా కట్టించండి. లేదంటే తెల్లటి పొడి ఇల్లంతా తిరుగుతుంది.

రోజువారీ సంరక్షణ

తడే అసలు శత్రువు. తడిసిన పలక ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు పడుతుంది. మెత్తబడిన భాగాన్ని కోసి మార్చడమే దారి. స్నానం తర్వాత కాసేపు ఫ్యాను నడపండి, టబ్బు అంచున సీలెంటు ఊడితే వెంటనే వేయించండి.

తాలింపు ఆవిరితో వంటగది గోడకు నూనె జిడ్డు పడుతుంది. గిన్నెలు తోమే సబ్బు కలిపిన నీటిలో మెత్తని బట్ట ముంచి, గట్టిగా పిండి తుడవాలి. బిల్డర్లు వేసే మెరుపులేని రంగు తుడుపుకు ఓర్చదు. మళ్లీ వేసేటప్పుడు అక్కడ కాస్త మెరుపుండే శాటిన్ రకం వేయించండి. దీపం మసిని ముందు పొడిగా దులపాలి. తడిబట్ట పెడితే మరక పాకుతుంది.

చిన్న మేకు రంధ్రాలను స్పాకిల్ అనే పూడిక ముద్దతో పూడ్చి, ఆరాక సన్నటి గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ వేసి రంగు అద్దండి. ప్రైమర్ మానేస్తే అతుకు వేరే మెరుపుతో కనిపిస్తుంది. లోపలి మేకు తల బయటికి ఉబికితే, దాని పైన ఒకటి, కింద ఒకటి డ్రైవాల్ మర బిగించి, ఉబికిన దాన్ని లోపలికి దిగ్గొట్టి పూయండి. మర తల కాగితాన్ని చీల్చకుండా కాస్త లోపలికి దిగితే చాలు.

బరువైన దేవుడి పటాలు, టీవీ వంటివి లోపలి కర్రకే బిగించాలి. ఆ కర్ర ఎక్కడుందో చూపే స్టడ్ ఫైండర్ చౌకగా దొరుకుతుంది. ఉయ్యాల బల్లను పైకప్పు పలకకు వేలాడదీసే ఆలోచన అసలే వద్దు. పైన దూలాలు ఎటు పోతున్నాయో, అంత బరువు మోస్తాయో లేదో వడ్రంగి చేత చూపించాకే కొక్కేలు వేయించండి.