హాస్టల్లో చేరిన తొలి నెలలో జబ్బు పడకుండా ఎలా చూసుకోవాలి?

కోనసీమ పల్లెల నుంచి కాకినాడకో, రాజమహేంద్రవరానికో, తాడేపల్లిగూడేనికో పై చదువులకు వెళ్లిన పిల్లలు రెండు వారాలు తిరగకముందే దగ్గుతోనో జ్వరంతోనో ఇంటికి ఫోన్ చేస్తే, "అక్కడి నీళ్లు పడలేదు" అని పెద్దలు అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉన్నా, తొలి రోజుల జలుబులకూ జ్వరాలకూ ఎక్కువగా కారణమయ్యేది నీళ్లు కాదు, ఒకే గదిలో కొత్తగా కలిసిన మనుషులు. వేర్వేరు జిల్లాల వారు తమ ఊళ్లలో తిరుగుతున్న వైరస్‌లను తమకు తెలియకుండానే వెంట తెస్తారు. జలుబు సాధారణంగా 1 నుంచి 3 రోజుల్లో బయటపడుతుంది కనుక, ఒక గదిలో మొదలైనది వారం గడిచేసరికి అంతస్తంతా పాకగలదు.

1. బయలుదేరేముందు టీకాల కార్డు వెతికి, తట్టు, గవదబిళ్లలు, ఆటలమ్మ టీకాలు పడ్డాయో లేదో చూసుకోండి. టైఫాయిడ్ టీకా గురించి డాక్టరును అడగండి.

2. నిద్రను తగ్గించుకోకండి. అన్నిటికన్నా తేలిగ్గా వదిలేసేది దీన్నే. 2015లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో 164 మంది ఆరోగ్యవంతుల ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి గమనించగా, రాత్రి 6 గంటలకన్నా తక్కువ నిద్రపోయినవారు, 7 గంటలకు పైగా నిద్రపోయినవారికన్నా 4 రెట్లు ఎక్కువగా జలుబు బారిన పడ్డారు.

3. గ్లాసు, సీసా, తువ్వాలు ఎవరివి వారివే ఉంచుకోండి. స్నేహం కోసమైనా ఎంగిలి పంచుకోవద్దు. మెస్‌కు వెళ్లేముందు సబ్బుతో 20 సెకన్లు చేతులు రుద్ది కడుక్కోండి.

4. ఇక నీళ్ల సంగతి. తరగతులు మొదలయ్యే రోజుల్లోనే గోదావరికి ఎర్రనీరు వస్తుంది. ధవళేశ్వరం నుంచి కాలువల్లోకి వచ్చే ఆ బురదనీటిని సరిగా తేర్చి వడపోయకపోతే క్లోరిన్ పూర్తిగా పనిచేయదు. కాబట్టి వడకట్టి, తెర్లిన తరువాత కనీసం ఒక నిమిషం మరిగించిన నీటినే తాగండి. టైఫాయిడ్ సాధారణంగా 1 నుంచి 3 వారాల తరువాతగానీ బయటపడదు, అప్పటికి ఎక్కడ ఏం తాగామో గుర్తుండదు.

5. బకెట్లు, కూలర్లు వారానికొకసారి ఖాళీ చేసి, తోమి ఆరబెట్టండి. డెంగీ దోమ పగటిపూట కుడుతుంది కనుక రాత్రి దోమతెర ఒక్కటే చాలదు.

6. జ్వరం వస్తే దాచకుండా గదిలోని వారికీ, వార్డెనుకూ చెప్పండి. డెంగీ కాదని తేలేవరకు ఐబుప్రొఫెన్, యాస్పిరిన్ వేసుకోకుండా, తగిన మోతాదులో పారాసిటమాల్‌తో సరిపెట్టండి. జలుబుకు యాంటీబయాటిక్ పనిచేయదు. జ్వరం రెండు రోజులకు మించినా, కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. డెంగీలో అసలు ప్రమాదం తరచుగా జ్వరం తగ్గాక వచ్చే 24 నుంచి 48 గంటల్లోనే ఉంటుంది. తగ్గిపోయిందని ఆ రోజే ఒంటరిగా ఊరికి బస్సు ఎక్కవద్దు.