టాలీ సొంతంగా – 7: బ్యాంక్ లెడ్జర్ డిలీట్ కానంటోందా?

టాలీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ మీద ఈ పాఠంలో చెక్కుల ప్రింటింగ్ చెప్పాలి. అది తర్వాతి పాఠానికి వెళ్లింది. కారణం పోయిన పాఠమే. తప్పుగా తెరిచిన లెడ్జర్‌ను (ఒక్కో ఖాతా పద్దు) ఆల్టర్‌లో (మార్పులు చేసే స్క్రీన్) తెరిచి ఆల్ట్+డి కొడితే పోతుందని అందులో చెప్పుకున్నాం. చాలామందికి బ్యాంక్ లెడ్జర్ దగ్గర ఎర్రర్ వచ్చి పని ఆగిపోయింది. వాళ్లకేం నష్టం లేదు. ఆగకుండా అడ్డదారి వెతుక్కున్నవాళ్ల గురించే నా టెన్షన్.

ముందు ఎర్రర్ సంగతి. లెడ్జర్ ఒక్క వోచర్‌లో (లావాదేవీ ఎంట్రీ) ఉన్నా టాలీ దాన్ని తీయనివ్వదు. సాఫ్ట్‌వేర్ పాడైపోలేదు, మళ్లీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.

"బ్యాలెన్స్ సున్నాయే కదా" అంటున్నారు. 40,000 వచ్చి 40,000 వెళ్లినా సున్నాయే. టాలీ చూసేది ఎంట్రీ ఉందా లేదా అని, ఎంత మిగిలిందని కాదు.

"లెడ్జర్ తెరిస్తే ఒక్క ఎంట్రీ కూడా లేదు" అనేవాళ్లు పైన పీరియడ్ చూడండి. ఈ ఏడాది మాత్రమే కనిపిస్తుంటే పాత ఎంట్రీలు ఎలా కనిపిస్తాయి? ఆల్ట్+ఎఫ్2 కొట్టి, పుస్తకాలు మొదలుపెట్టిన తేదీ నుంచి ఇవ్వండి. అప్పటికీ ఖాళీయే అయితే ఎక్సెప్షన్ రిపోర్ట్స్‌లోకి వెళ్లి ఆప్షనల్ (ఇంకా ఖాయం చేయనివి), పోస్ట్ డేటెడ్ (రాబోయే తేదీ వేసినవి), మెమొరాండం (గుర్తుకోసం రాసిపెట్టినవి) వోచర్లు మూడూ చూడండి. ఇవి మామూలుగా బ్యాలెన్స్‌లో కలవవు, కాబట్టి లెడ్జర్‌లో కంటపడవు. మెమొరాండం వోచర్ పెట్టినవాళ్లకే గుర్తుండదు.

ఇక అసలు గొయ్యి. లెడ్జర్ పోవట్లేదని అందులోని వోచర్లన్నీ ఒక్కొక్కటే డిలీట్ చేసి, చివరికి లెడ్జర్‌నూ తీసేసి, "ట్రయల్ బ్యాలెన్స్ కూడా టాలీ అయింది సార్" అని సంతోషంగా రాశారు కొందరు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం ఇదే. ట్రయల్ బ్యాలెన్స్ అంటే అన్ని లెడ్జర్ల డెబిట్, క్రెడిట్ నిల్వలు పక్కపక్కన పెట్టే పట్టిక; అది ఎందుకు టాలీ కాదు? వోచర్ తీసేస్తే డెబిట్, క్రెడిట్ రెండూ కలిసే పోతాయి.

ఒక రిసీట్ తీసుకోండి. పార్టీ 40,000 కట్టాడు: బ్యాంక్ డెబిట్, పార్టీ క్రెడిట్. దాన్ని తీసేశారు. ఇప్పుడు పుస్తకాల్లో ఆ పార్టీ మళ్లీ బాకీదారు. మీరు స్టేట్‌మెంట్ పంపిస్తారు, కట్టినవాడు ఊరుకుంటాడా? పేమెంట్ తీసేస్తే దీనికి తిరగబడుతుంది, ఇచ్చేసిన సప్లయర్‌కు మళ్లీ ఇవ్వాల్సి ఉన్నట్టు కనిపిస్తుంది. అద్దె పేమెంట్ తీసేస్తే ఖర్చు తగ్గి లాభం పెరిగినట్టుంటుంది. కాంట్రా అన్నిటికన్నా మాయదారిది: ఈ బ్యాంక్ నుంచి ఆ బ్యాంక్‌కు వేసిన డబ్బు ఎంట్రీ పోతే, మీరు ముట్టుకోని రెండో బ్యాంక్ రీకన్సిలియేషన్ (బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో సరిచూసుకోవడం) చెడిపోతుంది. నెల తర్వాత అక్కడ తేడా వచ్చి, కారణం దొరక్క జుట్టు పీక్కుంటారు. ఇన్ని జరిగినా ట్రయల్ బ్యాలెన్స్ మాత్రం రెండు వైపులా సమానంగానే ఉంటుంది.

ఇప్పటికే తీసేసినవాళ్లు బ్యాకప్‌ను వేరే ఫోల్డర్‌లోకి రీస్టోర్ చేయండి, ఇప్పుడున్న డేటా మీదకు మాత్రం వద్దు. అందులో చూసి ఎంట్రీలు మళ్లీ వేయండి. ఎడిట్ లాగ్ (ఏది మారిందో రాసిపెట్టే సౌకర్యం) వాడేవాళ్లకు తీసేసిన వోచర్ల జాడ అందులోనే ఉంటుంది.

సరైన పద్ధతి ఏమిటంటే, ఒకే బ్యాంక్‌కు రెండు లెడ్జర్లు తెరిచి ఉంటే, అక్కర్లేనిదాని ప్రతి వోచర్‌నూ తెరిచి, బ్యాంక్ పేరు మాత్రం మార్చి సేవ్ చేయండి. ఓపెనింగ్ బ్యాలెన్స్ కూడా సరైన లెడ్జర్‌లోకి మార్చండి. లేకపోతే 'డిఫరెన్స్ ఇన్ ఓపెనింగ్ బ్యాలెన్సెస్' అన్న వరుస వచ్చి కూర్చుంటుంది. ఆ తర్వాత ఆల్ట్+డి.

నిజంగా వాడి మూసేసిన ఖాతా అయితే నేను డిలీట్ జోలికే పోను. బ్యాంక్ అకౌంట్స్ కింద 'మూసిన బ్యాంకులు' అని ఒక గ్రూప్ తెరిచి అందులోకి నెట్టేస్తాను, పేరు ముందు జెడ్ అక్షరం పెడతాను. లిస్టులో అట్టడుగుకు పోతుంది. పేరు మార్చితే పాత వోచర్లలోనూ అదే మారుతుంది, భయం లేదు. క్విక్‌బుక్స్, జోహో బుక్స్ వాడేవాళ్లకు ఇన్‌యాక్టివ్ అన్న ఆప్షనే ఉంది.

అభ్యాసం. అసలు డేటా మీద కాదు, కొత్త కంపెనీ తెరవండి. మూడు బ్యాంక్ లెడ్జర్లు పెట్టి (మొదటి రెండూ ఒకే బ్యాంక్‌వి అనుకోండి), రెండోదానికి ఓపెనింగ్ బ్యాలెన్స్ ఇవ్వండి. దానితో ఒక రిసీట్, ఒక పేమెంట్, మూడో బ్యాంక్‌కు ఒక కాంట్రా, ఒక ఆప్షనల్ వోచర్, ఒక మెమొరాండం వేయండి. వీటిలో రెండు ముందటి ఏడాదివి కావాలి. ప్రతి పార్టీ బాకీ, ప్రతి బ్యాంక్ నిల్వ కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు రెండో బ్యాంక్ లెడ్జర్ పోవాలి. ఒక్క వోచర్ తగ్గకూడదు, పార్టీ బాకీలు పైసా మారకూడదు, మొదటి బ్యాంక్ నిల్వలో ఎంత మార్పు రావాలో డిలీట్ కొట్టకముందే లెక్కకట్టి రాసి ఉండాలి.